బలిపీఠమును మనకు చూపించిన యూదుడు
ఆల్ఫ్రెడ్ ఎడర్షైము గారి జీవితము

చదువవలసిన వాక్యభాగములు: లేవీయకాండము 16వ అధ్యాయము, యెషయా 53వ అధ్యాయము, హెబ్రీయులకు 10:1-18



కుటుంబ ప్రార్థనలో వరుసగా బైబిలు చదువుచు లేవీయకాండమునకు వచ్చినప్పుడు మనలో అనేకులు ఆ పుటలను గబగబ త్రిప్పివేయుదురు. కోడెలు, గొఱ్ఱెలు, గువ్వలు, రక్తము, క్రొవ్వు, బూడిద, ఇవన్నియు మనకెందుకని తలంచుదురు. నేనును వేదాంత పాఠశాలకు పోకమునుపు అట్లే తలంచితిని. అయితే అచ్చట ఒక యూదుడు వ్రాసిన పుస్తకము నా చేతికి వచ్చెను. దానిని చదివిన పిమ్మట సిలువను గూర్చి ప్రసంగించు ప్రతి సారియు నా మనస్సు మొదట యెరూషలేము దేవాలయపు ఆవరణమునకు పోవుచున్నది. ఆ పుస్తకమును వ్రాసిన ఆల్ఫ్రెడ్ ఎడర్షైము గారి జీవితమును, ఆయన మనకు నేర్పిన సంగతిని ఈ మాసము ధ్యానింతము.

ఎడర్షైము గారు 1825వ సంవత్సరము మార్చి 7వ తేదీన ఆస్ట్రియా దేశపు ముఖ్యపట్టణమగు వియన్నాలో జన్మించెను. తలిదండ్రులు యూదులు, కలిగినవారు, చదువరులు. ఆ బాలుడు పట్టణములోని పాఠశాలలో లోకవిద్యను, యూదుల పాఠశాలలో హెబ్రీ భాషను, ధర్మశాస్త్రమును, రబ్బీల బోధనలను నేర్చుకొనెను. పిమ్మట విశ్వవిద్యాలయములో చేరెను గాని చదువు ముగియకముందే తండ్రి ఆస్తి పోయెను. నిన్నటివరకు దేనికిని కొదువ లేని యువకుడు తన పొట్ట తాను పోసికొనవలసిన వాడాయెను. అందువలన హంగేరీలోని పెస్తు పట్టణమునకు పోయి భాషలు నేర్పుచు జీవించెను. ఇల్లు కూలినప్పుడు అది దేవుని నడిపింపని ఎవరికిని తోచదు. కాని పెస్తు పట్టణములో దేవుడు అప్పటికే ఒక ద్వారము తెరచి యుంచెను. ఆ ద్వారము తెరువబడిన విధము చెప్పదగినది.

1839వ సంవత్సరమున స్కాట్లండు సంఘమువారు యూదుల స్థితిని తెలిసికొనుటకై నలుగురు బోధకులను పరిశుద్ధ దేశమునకు పంపిరి. హంగేరీకి పోవలెనని వారి యోచనలో లేదు. అయితే త్రోవలో ఎడారిలో బ్లాకు గారు ఒంటెమీదినుండి పడెను. ఆయన దెబ్బతిని బలహీనుడైనందున ఆయనయు కీతు గారును డాన్యూబు నది మార్గమున ఇంటికి తిరిగిరి. ఆ దారిలో పెస్తు పట్టణమున కీతు గారికి జబ్బుచేసి మరణావస్థకు వచ్చెను. హంగేరీ దేశపు పాలకుని భార్యయగు మరియ దొరోతియా ప్రొటెస్టెంటు విశ్వాసురాలు. ఆ దేశమునకు ఒక సువార్తికుని పంపుమని ఆమె బహుకాలముగా ప్రార్థించుచుండెను. ఆమె రోగియైన ఆ పరదేశిని దర్శించి పరామర్శించెను. దాని ఫలముగా 1841లో స్కాట్లండువారు పెస్తు పట్టణమున యూదుల మధ్య సేవ ప్రారంభించిరి. ఒకడు ఒంటెమీదినుండి పడుట, ఒకడు పరదేశములో మంచము పట్టుట, వీటిని మనము చెడ్డ దినములని లెక్కింతుము. దేవుడు వాటినే త్రోవగా చేసికొనెను.

ఆ సేవకు వచ్చినవారిలో జాన్ డంకను గారు ముఖ్యుడు. హెబ్రీ భాషను ఆయన యెంతగా ప్రేమించెననగా జనులు ఆయనను రబ్బీ డంకను అని పిలిచిరి. ఆ కాలమున డాన్యూబు నదిపై గొప్ప గొలుసుల వంతెన కట్టబడుచుండగా, బ్రిటనునుండి వచ్చిన పనివారికి ఆయన బోధకుడుగా నుండెను. యూదులు ఆయన యొద్దకు నిర్భయముగా వచ్చిరి, ఏలయనగా ఆయన వారి గ్రంథములను తృణీకరింపలేదు. పట్టణములో మిక్కిలి గౌరవము పొందిన ఇశ్రాయేలు సఫీరు అను వృద్ధుడు 1843లో తన చిన్న కుమారుడు అడాల్ఫుతో కూడ బాప్తిస్మము పొందెను. ఆ బాలుడే పిమ్మట హెబ్రీ పత్రికకు వ్యాఖ్యానము వ్రాసిన అడాల్ఫ్ సఫీరు. ఆ దినములలోనే యౌవనస్థుడగు ఎడర్షైము గారును డంకను గారి మూలముగా యేసును మెస్సీయగా అంగీకరించి బాప్తిస్మము పొందెను.

డంకను గారు 1843లో ఎడింబరోలో హెబ్రీ భాషోపాధ్యాయుడుగా నియమింపబడగా ఎడర్షైము గారును స్కాట్లండునకు వచ్చి వేదాంతము చదివెను. బెర్లినులోను చదివెను. 1846లో స్కాట్లండు ఫ్రీ చర్చివారు ఆయనను అభిషేకించిరి. మొదట సుమారు ఒక సంవత్సరము నేటి రొమేనియాలోని యాషి పట్టణమున యూదుల మధ్య సువార్త ప్రకటించెను. తరువాత అబర్డీనులో సుమారు పండ్రెండేండ్లు కాపరిగా నుండెను. ఆరోగ్యము చెడినందున వెచ్చని సముద్రతీరమగు టార్కీకి వచ్చి అచ్చట సంఘమును కట్టెను. 1872లో మరల జబ్బుచేత ఆ పనిని విడిచెను. 1875లో ఇంగ్లాండు సంఘములో చేరి, 1876 మొదలు 1882 వరకు లోడర్స్ అను చిన్న పల్లెకు గురువుగా నుండెను. పల్లె కాపరులారా, ఇది మనకు ధైర్యమిచ్చు సంగతి. లోకమంతటి బోధకులు చదివిన ఆయన పెద్ద గ్రంథములో అధిక భాగము ఆ పల్లెయందే వ్రాయబడెను. రోగులను చూచుచు, చనిపోయినవారిని సమాధి చేయుచు, పిల్లలకు పాఠము చెప్పుచు ఆయన వ్రాసెను.

ఆయన వ్రాసిన గ్రంథములలో మూడు ముఖ్యమైనవి. 1874లో దేవాలయమును, దాని ఆరాధనలను వివరించు పుస్తకము వెలువడెను. ఏడు సంవత్సరములు శ్రమించి వ్రాసిన యేసు మెస్సీయ జీవితము 1883లో ప్రచురింపబడెను. పాతనిబంధన చరిత్రను ఏడు సంపుటములుగా వ్రాసెను. చివరి దినములలో ఆక్స్‌ఫర్డులో నివసించి, అచ్చట పాతనిబంధనయొక్క గ్రీకు అనువాదమును గూర్చి ఉపన్యసించెను. ఆరోగ్యము కొరకు ఫ్రాన్సు దేశపు దక్షిణ తీరమగు మెంటోనుకు పోయి, 1889 మార్చి 16వ తేదీన, తన అరువదినాలుగవ యేట ప్రభువునందు నిద్రించెను.

ఇది ఆయన జీవితపు వెలుపలి కథ. లోపలి ప్రశ్న ఒక్కటే: పాపికి విమోచన ఎట్లు కలుగును?

ఆయన మనలను చేయిపట్టుకొని దేవాలయములోనికి తీసికొని పోవును. ప్రతి ఉదయమున ఒక గొఱ్ఱెపిల్ల, ప్రతి సాయంకాలమున ఒక గొఱ్ఱెపిల్ల దహింపబడెను. ఈ నిత్యబలి ఒక్క దినమైనను మానకూడదు. స్వంతముగా బలి తెచ్చినవాడు దాని తలపై తన చేతులుంచి, తన దోషమును ఒప్పుకొనెను. సాధారణముగా దానిని వధించువాడు యాజకుడు కాడు, తెచ్చినవాడే. యాజకుడు రక్తమును పాత్రలో పట్టి బలిపీఠమునొద్ద ప్రోక్షించెను. మన పల్లెలో గొఱ్ఱెపిల్లను సాకినవానికి ఇది సుళువుగా అర్థమగును. దాని మెత్తని తలపై చేయి పెట్టి, ఇది నా వలన చచ్చుచున్నదని తెలిసికొనుట చిన్న సంగతి కాదు.

సంవత్సరమున కొకసారి ప్రాయశ్చిత్త దినము వచ్చెను. ప్రధానయాజకుడు ఏడు దినములు ముందుగానే ఇల్లు విడిచి దేవాలయములో నివసించెను. ఆ రాత్రి ఆయనను నిద్రపోనియ్యరు. ఆ దినమున ఆయన అయిదుమారులు స్నానము చేయును, పదిమారులు కాళ్లు చేతులు కడుగుకొనును. బంగారు వస్త్రములు తీసివేసి తెల్లని నారబట్టలు కట్టుకొనును. మొదట కోడెపై చేతులుంచి తన పాపమును, తన ఇంటివారి పాపమును ఒప్పుకొనును. రెండు మేకలపై చీట్లు వేయుదురు. ఒకటి యెహోవా పేరట వధింపబడును. రెండవదానిమీద ప్రజలందరి పాపములు ఒప్పుకొనబడి, అది అరణ్యములోనికి తోలివేయబడును. ప్రధానయాజకుడు ధూపముతోను రక్తముతోను అతిపరిశుద్ధ స్థలములో ప్రవేశించును. ఆశ్చర్యమేమనగా, ప్రభువు దినములనాటి ఆ రెండవ దేవాలయములో నిబంధన మందసము లేదు. ఆ గది శూన్యము. అయినను ఆయన భయముతో ప్రవేశించి, రక్తమును ప్రోక్షించి, బయటికి వచ్చును. మరుసటి యేడు మరల అట్లే చేయవలెను. పరులకొరకు ప్రవేశించువాడు మొదట తనకొరకే బలి అర్పింపవలసి వచ్చెను.

క్రీ.శ. 70వ సంవత్సరమున తీతు నడిపిన రోమా సైన్యము ఆ దేవాలయమును కాల్చివేసెను. నిత్యబలి ఆగిపోయెను. నేటివరకు యూదులకు బలి లేదు. వారేమి చేసిరి? ఇది మనము న్యాయముగా తెలిసికొనవలెను, ఏలయనగా తెలియని సంగతిని గూర్చి హేళనగా మాటలాడుట క్రైస్తవునికి తగదు.

ఆ కాలపు గొప్ప రబ్బీ యోహానాను బెన్ జక్కాయి. దేవాలయపు శిథిలములను చూచి ఏడ్చిన తన శిష్యుని ఆయన ఓదార్చెనని యూదుల పుస్తకములు చెప్పుచున్నవి. దయగల క్రియలు ప్రాయశ్చిత్తముతో సమానమని హోషేయ 6:6 చూపి ధైర్యపరచెనట. అప్పటినుండి పశ్చాత్తాపము, ప్రార్థన, ధర్మకార్యములు, ఈ మూడింటిపై యూదుల నిరీక్షణ నిలిచెను. ఉదయ సాయంకాల ప్రార్థనలు నిత్యబలుల స్థానమున వచ్చెను. ప్రాయశ్చిత్త దినమున వారు నేటికిని దినమంతయు ఉపవసించి ప్రార్థింతురు. మనుష్యుడు పుట్టుకతోనే పాపమునకు దాసుడని వారొప్పుకొనరు. అతనిలో మంచికిని చెడుగునకును ప్రేరణలు రెండును గలవు, అతడు తిరిగి వచ్చిన యెడల దేవుడు మధ్యవర్తి లేకయే క్షమించునని వారి విశ్వాసము. మిక్కిలి బీదవాడు రక్తము లేకుండ పిండినే పాపపరిహారార్థముగా తేవచ్చునని లేవీయకాండము 5:11లో ఉన్నదిగదా అని వారడుగుదురు. విమోచన యనగా వారికి ముఖ్యముగా ఐగుప్తునుండి జరిగిన విడుదల, మెస్సీయ వచ్చినప్పుడు జనమంతటికి జరుగబోవు విడుదల. యెషయా 53లోని శ్రమపడు సేవకుడు ఇశ్రాయేలు జనమేయని వారి వ్యాఖ్యానకర్తలలో అనేకులు చెప్పుదురు.

ఎడర్షైము గారు ఈ బోధలో పుట్టి పెరిగినవాడు. ఆయన రబ్బీల గ్రంథములను వెదకి, వారు మెస్సీయకు అన్వయించిన పాతనిబంధన వాక్యములను 456 వరకు లెక్కించి చూపెను. అనగా క్రైస్తవులు మెస్సీయ నిరీక్షణను క్రొత్తగా కల్పింపలేదు. అయితే భేదమెక్కడ? రబ్బీల బోధలో మెస్సీయను గూర్చిన మహిమ విస్తారముగా నున్నది గాని, జన్మపాపమును గూర్చిన బోధ లేదు, పాపమునుండియే విడిపింపబడవలెనను అక్కర బలముగా కనబడదని ఆయన తేల్చెను. రోగము ఎంత లోతో తెలియనివాడు వైద్యుని కొరకు అంత ఆత్రపడడు. యూదుని విశ్వాసమునకును మన విశ్వాసమునకును మధ్య ముఖ్యమైన భేదము ఇచ్చటనే యున్నది. వారు బలి పోయెనని, దాని స్థానమున పశ్చాత్తాపము నిలిచెనని చెప్పుదురు. మనము బలి నెరవేరెనని, పశ్చాత్తాపము ఆ బలియొద్దకు మనలను తెచ్చునని చెప్పుదుము.

హెబ్రీ పత్రిక 10:11-12 చదువుడి. యాజకుడు దినదినము నిలుచుండి సేవచేయుచుండెను, క్రీస్తయితే ఒక్క బలి అర్పించి కూర్చుండెను. ఈ భేదము దేవాలయమును ఎరిగినవానికి బాగుగా తెలియును. ఆవరణములో యాజకులకు ఆసనము లేదు. వారి పని ముగియదు గనుక వారు కూర్చుండరు. మన ప్రధానయాజకుడు కూర్చుండెను. ఆయన తనకొరకు బలి అర్పింపవలసిన పని లేదు. ఆయనే యాజకుడు, ఆయనే గొఱ్ఱెపిల్ల. సాయంకాలపు బలి అర్పింపబడు ఆ తొమ్మిదవ గంట ప్రాంతమున ఆయన సిలువపై ప్రాణము విడిచెను. తెర పైనుండి క్రిందికి చినిగెను.

మరి రెండు పోలికలు మన పిల్లలకు నేర్పవలెను. యూదులు తమ నూతన సంవత్సరమున పొట్టేలు కొమ్ము ఊదుచు, అబ్రాహాము ఇస్సాకును బంధించిన కథను చదువుదురు. అచ్చట కుమారుడు తప్పింపబడెను, పొట్టేలు చచ్చెను. మన విశ్వాసమేమనగా, మోరీయాపై తండ్రి చేయిని ఆపిన దేవుడు కల్వరిపై తన స్వకుమారుని కొరకు ఆపలేదు (రోమా 8:32). రెండవది, యూదుల ఇంట తొలిచూలు కుమారుని అయిదు తులముల వెండి యాజకునికిచ్చి విడిపింతురు (సంఖ్యాకాండము 18:16). ఈ ఆచారము నేటికిని వారిలో ఉన్నది. విమోచనకు వెల గలదని వారికి తెలియును. పేతురును యూదుడే గనుక ఆ వెల వెండి బంగారములు కాదని వ్రాసినప్పుడు (1 పేతురు 1:18-19) వ్యర్థముగా వ్రాయలేదు.

ఇప్పుడు మన సంగతి. ఈ జీవితమును చదివి, యూదులకు తెలియనిది మనకు తెలియునని అతిశయించిన యెడల మనము దీనిని వృథాగా చదివితిమి. రెండు హెచ్చరికలు చెప్పుచున్నాను.

మొదటిది, క్రీస్తును చంపిన జనమని చెప్పి యూదులను ద్వేషించుట గొప్ప పాపము. శతాబ్దములుగా క్రైస్తవ నామము ధరించినవారు వారిని తరిమిరి, దోచిరి. ఎడర్షైము గారు పుట్టిన వియన్నా పట్టణములోనే 1938 మొదలు యూదులు వీధులలో అవమానింపబడి, పిమ్మట వేలకొలదిగా మరణ శిబిరములకు పంపబడిరి. ఐరోపాలో చంపబడిన యూదులు సుమారు అరువది లక్షలు. సిలువ గురుతును మోసిన ఖండములో ఇది జరిగెను. యెషయా 53 నిజమైన యెడల ఆ సేవకుని నలుగగొట్టినవి మన దోషములే. బలి తలపై చేయి పెట్టినవాడు పొరుగువానివైపు వ్రేలు చూపడు.

రెండవది మన ఇండ్లకు మరి దగ్గరగా నున్నది. మన సంఘములలో కొందరు పొరుగువాని గట్టు జరిపి, కూలివాని కూలి తగ్గించి, అన్నదమ్ముని భాగము అపహరించి, పంటకోత పండుగలో పెద్ద కానుక తెచ్చుటతో లెక్క సరిపోయెనని తలంచుచున్నారు. మరి కొందరు, క్రీస్తు నా పాపమంతయు చెల్లించెను గనుక నేను తిరిగి ఇయ్యవలసినదేమియు లేదని చెప్పుచున్నారు. ఈ రెండు తప్పుల నడుమ యూదుడే మనకు గురువు కావలెను. లేవీయకాండము 6:1-7 ప్రకారము, మోసముచేసి తీసికొనినవాడు మొదట ఆ సొమ్మును, దానిమీద అయిదవ వంతును కలిపి సొంతదారునికియ్యవలెను. అపరాధపరిహారార్థ బలిగా పొట్టేలు తెచ్చుట ఆ తరువాతి సంగతి. మనుష్యునికిని మనుష్యునికిని మధ్య జరిగిన పాపము, ఆ పొరుగువానిని సమాధానపరచువరకు ప్రాయశ్చిత్త దినమున సైతము తీరదని రబ్బీలు బోధించిరి. మన ప్రభువును మత్తయి 5:23-24లో అదే ఆజ్ఞ ఇచ్చెను. కానుకను బలిపీఠమునొద్ద విడిచి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడవలెను.

అట్లు తిరిగి ఇచ్చుట మన విమోచనకు వెల కాదు. ఆ వెల ఒక్కసారే చెల్లింపబడెను, దానికి మనమేమియు కలుపలేము. జక్కయ్య నాలుగంతలు చెల్లింతునని చెప్పుట రక్షణ కొనుటకు కాదు, రక్షకుడు తన ఇంటికి వచ్చెను గనుక. దొంగిలించిన ధాన్యము ఇంకను మన గాదెలో నుండగా, మనము సిలువను గూర్చి పాడినను ఆ గొఱ్ఱెపిల్ల తలపై మన చేయి ఇంకను ఉంచలేదని తెలిసికొనవలెను.

ఎడర్షైము గారు పెస్తు పట్టణమున బాప్తిస్మము పొందినప్పుడు తన పితరుల గ్రంథమును విడువలేదు. జీవితమంతయు దానినే చదివెను. అందులోని ప్రతి బలిపీఠమునుండి ఒకే కొండకు దారి పోవుచున్నదని కనుగొనెను. ఈ మాసము మీ ఇండ్లలో లేవీయకాండము 16వ అధ్యాయమును పిల్లలతో కూడ మెల్లగా చదువుడి. వెంటనే హెబ్రీ 9, 10 అధ్యాయములను చదువుడి. విసుగు పుట్టించిన పుటలు మీతో మాటలాడును.

ఇంటిలో ధ్యానించుటకు:
1. బలిపశువు తలపై చేతులుంచుట దేనిని సూచించుచున్నది? నేను ఎప్పుడైనను నా పాపమును పేరుపెట్టి ఒప్పుకొంటినా?
2. యాజకుడు నిలుచుండుటకును క్రీస్తు కూర్చుండుటకును భేదమేమి?
3. నేను తిరిగి ఇయ్యవలసినది ఏ పొరుగువానియొద్దనైనను ఉన్నదా?

ప్రార్థన: అబ్రాహాము ఇస్సాకు యాకోబుల దేవా, మా నిమిత్తము నీ గొఱ్ఱెపిల్లను సిద్ధపరచినందుకు స్తోత్రము. మా చేతులు ఆయనపై ఉంచి మా దోషమును ఒప్పుకొను నమ్రతను, మా పొరుగువానికి అచ్చియున్నదానిని చెల్లించు ధైర్యమును మాకు దయచేయుము. నీ పూర్వ జనమును మరువకుము. మా పెదవులనుండి వారియెడల గర్వమును తీసివేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.